రెండు మూలమట్టములు – త్రికోణమితి

విద్యార్థుల జామెట్రీ పెట్టెలో రెండు మూలమట్టములుండును. అవి గీతలు గీయుటకే గాని వేఱొక పనికి రావని పెక్కుమంది తలంపు. కాని త్రికోణమితి పట్టికలో మాటిమాటికి వచ్చు విలువలు ఆ రెంటియందే యున్నవి. పట్టికను కంఠస్థము చేసినవాడు ఒక్క విలువను మఱచినచో నిలిచిపోవును. అవి యెట్లు పుట్టినవో యెఱిగినవాడు చిన్న బొమ్మ గీసి వానిని మరల రాబట్టుకొనగలడు.

లంబకోణ త్రిభుజములో లంబకోణమున కెదుటనున్న భుజము కర్ణము. కోణమున కెదుటి భుజమును కర్ణముచే భాగింప సైను, ప్రక్క భుజమును కర్ణముచే భాగింప కొసైను, ఎదుటి భుజమును ప్రక్క భుజముచే భాగింప టాంజెంటు వచ్చును. క్రీ.శ. 499లో రచింపబడిన ఆర్యభటీయమున 'జ్యా' పట్టిక కలదు. 'జీవా' యను దాని పర్యాయపదమే అరబ్బీలోనికి పోయి, అచట వేఱు మాటగా చదువబడి, లాటిను అనువాదము ద్వారా 'సైను' అయినది.

మొదటి మూలమట్టపు కోణములు 45°, 45°, 90°. చతురస్రమును మూలనుండి మూలకు కోసిన నిదియే వచ్చును. భుజములు 1, 1 అయినచో కర్ణవర్గము 1 + 1 = 2; కర్ణము √2, అనగా సుమారు 1.414. కావున సైను 45° = 1/√2; టాంజెంటు 45° = 1.

రెండవదాని కోణములు 30°, 60°, 90°. భుజము 2 గల సమబాహు త్రిభుజమును శీర్షమునుండి లంబము దించి రెండు చేయుడు. ఒక్కొక్క భాగమున కర్ణము 2; 30° కెదుట 1; 60° కెదుట √(4 − 1) = √3, అనగా సుమారు 1.732. కావున సైను 30° = 1/2; సైను 60° = √3/2; టాంజెంటు 30° = 1/√3; టాంజెంటు 60° = √3.

ఇక వీని ప్రయోజనము చూతము. సమతలమున నున్న తాటిచెట్టు నెక్కకయే దాని యెత్తు తెలియవలెను. మొదటి మూలమట్టపు ఒక భుజమును నేలకు సమాంతరముగా కంటియొద్ద పట్టి, కర్ణము వెంబడి చెట్టు కొన కనబడువఱకు వెనుకకు నడువుడు. మొదలు 40 అడుగుల దూరమున నున్నచో, కంటికి పైనున్న యెత్తును 40 అడుగులే. కన్ను నేలకు 5 అడుగుల యెత్తున నున్నచో చెట్టు 45 అడుగులు. ఈ 5 కలుపుట మఱచువారే యెక్కువ.

కాలువ వెడల్పు కొలువవలెనన్న, ఆవలి గట్టు చెట్టునకు సరిగా ఎదురుగా మేకు నాటి, గట్టు వెంబడి నడువుడు. 60 అడుగులు నడచినపుడు చెట్టును చూచు రేఖ గట్టుతో 30° చేసిన, వెడల్పు 60 × 1/√3, అనగా సుమారు 34.6 అడుగులు. తొందరపాటున √3 చే గుణించినవానికి 104 అడుగులు వచ్చును. ఆ లెక్కను నమ్మి వంతెనకు దూలములు కొనినచో మూడింతలు వ్యయమగును గదా! తప్పు పట్టుట సులభము: చిన్న కోణమున కెదుట చిన్న భుజమే యుండవలెను. 30° కెదుటనున్న వెడల్పు, 60° కెదుటనున్న 60 అడుగులను మించజాలదు.

అభ్యాసము: 20 అడుగుల నిచ్చెన నేలతో 60° చేయుచు గోడకు ఆనియున్నది. అది ఎంత యెత్తు నందుకొనును? పట్టిక చూడక, బొమ్మ గీసి చెప్పుడు. (జవాబు: 10√3, సుమారు 17.3 అడుగులు.)