పరుగు: రోజూ కొంచెం ఎందుకు?

పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడిందంటే చాలు, మందమర్రి వంటి గని ఊళ్లలో తెల్లవారుజామునే మైదానాలు నిండిపోతాయి. మీ ఇంట్లో అన్నయ్యో, అక్కయ్యో కూడా అలా పరుగెత్తుతూ ఉండవచ్చు. మొదటి వారం అందరిలోనూ ఉత్సాహమే. మూడో వారం దాటేసరికి చాలామంది కనిపించరు. కొందరిది బద్ధకం. మరికొందరికి మోకాలి కింద, ముందువైపు ఎముకలో నొప్పి. "నా కాళ్లు పరుగుకు పనికిరావు" అనుకొని మానేస్తారు. పాపం, కాళ్లలో లోపమేమీ లేదు. లెక్క తప్పింది, అంతే.

ఆ లెక్కేమిటో చూద్దాం. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. అంటే 435 సెకన్లు. 400 మీటర్ల ట్రాకు మీద నాలుగు చుట్లు. చుట్టుకు సుమారు 109 సెకన్లు పడుతుంది. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన దీప్తి జీవాంజి, ద్రోణాచార్య పురస్కారం పొందిన కోచ్ నాగపురి రమేశ్ వద్ద శిక్షణ పొంది, 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో అదే ఒక్క చుట్టును 55.07 సెకన్లలో పూర్తిచేసింది. మేధోవైకల్యం గల క్రీడాకారిణుల విభాగంలో అది అప్పటి ప్రపంచ రికార్డు. ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచింది. ఆ వేగం వెనుక ఎన్నో ఏళ్ల అభ్యాసం ఉంది. మనకు కావలసింది అందులో సగం వేగమే. ఒక చుట్టయితే మీలో చాలామంది 109 సెకన్లలో తిరిగి రాగలరు. అదే వేగాన్ని నాలుగు చుట్లూ నిలుపుకోవడమే కష్టం.

నిలుపుకోవాలంటే కండరాలకు ఆక్సిజన్ ఆగకుండా అందాలి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది నాలుగు రెట్లకు చేరగలదు. సాధన మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. తరువాతి వారాల్లో కండరాలలో సన్నని కేశనాళికలు కొత్తగా పుడతాయి. ఆక్సిజన్‌ను వాడుకొని శక్తినిచ్చే మైటోకాండ్రియాలు కూడా పెరుగుతాయి. ఈ సంగతిని 1967లో జాన్ హాలోజీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలుకలను యంత్రం మీద పరుగెత్తించి నిరూపించాడు. ఎలుకలకు ఏ ఉద్యోగ ప్రకటనా లేకపోయినా వారాల తరబడి పరుగెత్తాయి!

కాబట్టి మూడో వారానికల్లా ఆయాసం తగ్గుతుంది. హుషారు వస్తుంది. "ఇక రెట్టింపు దూరం వెళ్దాం" అనిపిస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. ఎందుకంటే ఎముక అంత త్వరగా మారదు.

ఎముక రాయిలాంటిది కాదు, సజీవ కణజాలం. దానిమీద కొత్త భారం పడితే కొన్ని కణాలు ముందుగా పాత ఎముకను తవ్వి తీసేస్తాయి. ఆ వెనుక మరికొన్ని కణాలు వచ్చి కొత్త ఎముకను కడతాయి. ఒక చోట ఈ పని ముగియడానికి మూడు, నాలుగు నెలలు పట్టవచ్చు. తవ్వకం ముందు, కట్టడం తరువాత కనుక మొదటి వారాల్లో ఆ చోటు కొంత బలహీనంగానే ఉంటుంది. బావిలో పనిచేసే మీ నాన్ననో, బాబాయినో అడగండి. బొగ్గు తీసిన చోట పైకప్పుకు చెక్క దిమ్మలో, ఇనుప బోల్టులో పెట్టి ఆధారం కట్టనిదే ముందుకు పోనివ్వరు. తవ్వుతూనే పోతే కప్పు కూలుతుంది. ఊపిరి బాగుంది కదా అని పరుగును రెట్టింపు చేసినవాడు తన అంతర్జంఘిక ఎముక మీద చేసేది సరిగ్గా అదే.

నేను చదువుకునే రోజుల్లో ఇదే తప్పు చేశాను. వారమంతా ఊరికే ఉండి ఆదివారంనాడు ఆరు రోజుల పరుగూ ఒకేసారి పరుగెత్తేవాణ్ణి. ఒక సోమవారం బడి మెట్లెక్కలేక గోడ పట్టుకున్నాను. వేలితో నొక్కితే ఒకే చోట నొప్పి పుట్టినా, నడిచినా నొప్పి పోకపోయినా పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి. ఓర్చుకోవడం ధైర్యమని అనుకోకండి.

మరి కోచ్‌లు ఏం చెబుతారు? పక్కనున్నవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తమంటారు. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. వేగంగా పరుగెత్తిన మరుసటి రోజు తేలికగా సాగాలి, వారానికో రోజు పూర్తిగా విశ్రాంతి. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. అలాగని మానేయకూడదు. బాగా సాధన చేసిన క్రీడాకారులు పరుగు ఆపితే ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి 21 రోజుల్లో 7 శాతం తగ్గిందని 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం ప్రకటించింది. పరీక్షల కోసం నెలరోజులు మానేస్తే మళ్లీ తక్కువ దూరంతోనే మొదలుపెట్టాలి.

మన ప్రాంతపు ఎండ సంగతి వేరే చెప్పాలి. దక్షిణాఫ్రికా బంగారు గనుల లోతుల్లో వేడికి కార్మికులు చనిపోతుండేవారు. కొత్తవారిని కొన్ని రోజులపాటు మెల్లమెల్లగా వేడికి అలవాటు చేసి, ఆ తరువాతే లోతుకు పంపే పద్ధతి 1930ల నుంచి అక్కడ పెరిగింది. పది, పద్నాలుగు రోజుల్లో చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. వేసవిలో అలవాటున్నవారు కూడా సూర్యుడు పైకి రాకముందే పరుగు ముగించాలి. బొగ్గు లారీల దారిలో అసలే వద్దు. విశ్రాంతిలో మనిషి నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి పీలుస్తాడు. గట్టిగా పరుగెత్తే పెద్దవారిలో అది 100 లీటర్లు దాటవచ్చు. గాలితోపాటు దుమ్మూ అన్ని రెట్లు లోపలికి పోతుంది.

మీరు చేయదగిన ప్రయోగం ఒకటుంది. నిద్ర లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడిని ఒక నిమిషం లెక్కించి నోటుపుస్తకంలో తేదీతో రాయండి. పక్కనే నిన్న పరుగెత్తిన దూరం, నిద్రపోయిన గంటలు రాయండి. రెండు నెలల్లో అంకె కొంచెం తగ్గితే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపుతోందన్నమాట. ఏ రోజైనా మామూలుకన్నా బాగా ఎక్కువ వచ్చిందా? జ్వరమో, నిద్ర చాలకపోవడమో కారణం కావచ్చు. ఆ రోజు బూట్లు పక్కన పెట్టి, ఎందుకు పెట్టారో కూడా ఆ పుస్తకంలోనే రాయండి.