వైఫై కెమెరా పదేపదే ఆఫ్‌లైన్ అవుతోందా? రౌటర్ మార్చే ముందు ఇవి చెక్ చేయండి

వైఫై కెమెరా మధ్యమధ్యలో ఆఫ్‌లైన్ అవుతుంటే చాలామంది వెంటనే కొత్త రౌటర్ కోసం వెతుకుతారు. కానీ యాప్‌లో "ఆఫ్‌లైన్" అని కనిపిస్తే దానర్థం ఒక్కటే: కెమెరా కంపెనీ సర్వర్‌తో మాట్లాడలేకపోతోంది. ఎందుకో యాప్ చెప్పదు. ఇంటర్నెట్ పోయి ఉండొచ్చు, వైఫై లింక్ తెగి ఉండొచ్చు, కెమెరాకే కరెంట్ సరిపోకపోవచ్చు. మూడింటికీ రిపేర్ వేర్వేరు. అందుకే ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి.

వరంగల్ కొత్తవాడలో మా పెద్దనాన్న వాళ్లింట్లో చేసిన పనినే ఉదాహరణగా తీసుకుందాం. 2018లో జీఐ గుర్తింపు పొందిన వరంగల్ దర్రీలు నేసే ఏరియా ఇది. కింద మగ్గాలు, స్టాక్ గది. పైన ఇల్లు, రౌటర్. కెమెరాలు మూడు. ఒకరోజు దర్రీల కట్ట ఒకటి లెక్కలో తక్కువ వచ్చింది. చూస్తే గేటు కెమెరాలో ముందురోజు రాత్రి దాదాపు గంట రికార్డింగే లేదు. ఆ కట్ట వేరే ఆర్డర్‌లో కలిసిపోయిందని రెండు రోజుల తర్వాత బిల్లుల్లో తేలింది. ఈలోపు లోడు ఎత్తిన హమాలీ మాత్రం ఊరికే మాట పడ్డాడు. ఫుటేజ్ ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం.

1. ఇంటర్నెట్టా, వైఫైనా?

కెమెరా పోయిన సమయంలో ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, అదే వైఫై మీద ఏదైనా వీడియో ప్లే చేయండి. అదీ ఆడకపోతే ఫైబర్ బాక్స్ చూడండి. ఎల్ఓఎస్ లైట్ ఎర్రగా వెలుగుతుంటే సమస్య బయటి లైన్‌లో ఉంది, కంప్లైంట్ ఇవ్వాల్సిందే. ఫోన్ బాగానే పనిచేస్తే సమస్య ఇంట్లోనే ఉంది. అప్పుడు ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ ఐపీకి, కెమెరా ఐపీకి రెండు విండోల్లో ఆగకుండా పింగ్ నడపండి. రౌటర్ జవాబిస్తూ కెమెరా మాత్రమే ఆగిపోతే, మిగిలేవి రెండే: సిగ్నల్, పవర్.

2. సిగ్నల్ కొలవండి

కెమెరా ఉన్న చోటే ఫోన్ పెట్టి, వైఫై ఎనలైజర్ యాప్‌లో 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ చూడండి. మైనస్ 60 డీబీఎం దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 70 దాటితే అనుమానించాలి. మైనస్ 80 అంటే డ్రాప్స్ ఖాయమనుకోండి. ప్రతి 10 డీబీకి సిగ్నల్ పవర్ పదో వంతుకు పడిపోతుంది.

మా స్టాక్ గదిలో మైనస్ 78 వచ్చింది. మధ్యలో ఆర్‌సీసీ స్లాబ్, ఇనుప షట్టర్ ఉన్నాయి మరి. ఇలాంటి చోట రిపీటర్ కంటే ల్యాన్ కేబుల్ లాగి కింద ఒక యాక్సెస్ పాయింట్ పెట్టడం మేలు. ఒకే బ్యాండ్ మీద నడిచే రిపీటర్ ప్రతి డేటానూ రెండుసార్లు గాల్లోకి పంపాలి కాబట్టి స్పీడ్ దాదాపు సగం అవుతుంది. కేబుల్ అయితే 100 మీటర్ల వరకు ఇబ్బంది లేదు. మేం అదే చేశాం.

3. ఛానెల్ ఫిక్స్ చేయండి

కొత్తవాడలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. యాప్‌లో చూస్తే పక్కింటి రౌటర్లన్నీ వరుసగా కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. వీటిలో రద్దీ తక్కువున్నది ఎంచుకుని, ఆటో తీసేయండి. ఆటోలో రౌటర్ ఛానెల్ మార్చినప్పుడల్లా కొన్ని కెమెరాలు తెగిపోయి, మళ్లీ కలవడానికి టైమ్ తీసుకుంటాయి. విడ్త్ 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 2.4కి, 5కి వేర్వేరు పేర్లు ఇవ్వండి. ఎందుకంటే చాలా కెమెరాలకు 5 గిగాహెర్ట్జ్ అసలు కనిపించదు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మీద ఉండి పాత కెమెరా మొండికేస్తే డబ్ల్యూపీఏ2 చేసి చూడండి.

4. రాత్రి మాత్రమే పోతోందా? కేబుల్ చూడండి

గేటు కెమెరాకు సిగ్నల్ మైనస్ 58. అయినా రాత్రే పోయేది. తిరిగి ఆన్‌లైన్‌కి వచ్చిన ప్రతిసారీ తల అటూ ఇటూ పూర్తిగా తిప్పేది. తిరిగే కెమెరాలు రీబూట్ అయినప్పుడు అలా చేస్తాయి. అంటే వైఫై కాదు, పవర్ తెగుతోందన్నమాట. చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు వెలిగి కరెంట్ ఎక్కువ లాగుతాయి. 24 గేజ్ రాగి తీగతో 10 మీటర్ల యూఎస్‌బీ కేబుల్ ఉంటే, అర ఆంపియర్‌కే సుమారు 0.8 వోల్టులు దారిలోనే పోతాయి. 5 వోల్టుల కెమెరాకు చేరేది 4.2 వోల్టులే. గేటు పక్కనే ప్లగ్ పాయింట్ పెట్టించి, ఒరిజినల్ అడాప్టర్, పొట్టి కేబుల్ వాడగానే ఆ రీబూట్లు ఆగిపోయాయి.

చూశారుగా, ఒకే ఇంట్లో రెండు కెమెరాలకు రెండు వేర్వేరు జబ్బులు. కొత్త రౌటర్ కొన్నా గేటు కెమెరా బాగయ్యేది కాదు.

ఇవన్నీ చేశాక కూడా ప్రతి కెమెరాలో మెమరీ కార్డు వేసి ఉంచండి. వైఫై తెగినా చాలా మోడళ్లు కార్డులో రికార్డ్ చేస్తూనే ఉంటాయి. కరెంట్ కోతలుంటే రౌటర్‌తో పాటు కెమెరాకూ మినీ యూపీఎస్ కావాలి. రౌటర్‌కు ఒక్కదానికే పెడితే లాభం లేదు. ఇంకో మాట: అన్ని సెట్టింగులూ ఒకేసారి మార్చేయకండి. ఒక్కటి మార్చి, రెండు రాత్రులు చూసి, అప్పుడు రెండోదానికి వెళ్లండి. లేదంటే దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ సమస్య వస్తే మొదటినుంచీ వెతుక్కోవాలి.