అంగన్‌వాడీలో గుడ్డు ఒక్కటే కాదు, చదువు కూడా ఉంది
(3 నుంచి 6 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం)

మీ పాపకో, బాబుకో మూడేళ్లు నిండాయా? అయితే మీ ఊరి లేదా మీ బస్తీ అంగన్‌వాడీ కేంద్రంలో ప్రీస్కూల్‌కు పంపవచ్చు. ఫీజు లేదు. పిల్లలకు ఆరేళ్లు వచ్చేదాకా ఈ సేవ ఉంటుంది.

"గుడ్డు కోసం పంపుతున్నం గానీ, అక్కడ చదువేం చెప్తరు?" అని చాలామంది తల్లులు అంటుంటారు. అందుకే కొందరు పిల్లలు అన్నం వేళకు వచ్చి, తినగానే ఇంటికి వెళ్లిపోతారు. పొద్దున జరిగే పాటలు, కథలు, ఆటలు వాళ్లకు అందవు. అన్నం ఎంత ముఖ్యమో అవీ అంతే ముఖ్యం.

కేంద్రంలో ఏమేం ఉంటాయి?

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. ఇందులో ఆరు సేవలు ఉన్నాయి: పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్యం, ఆహారం గురించి చెప్పడం, ప్రీస్కూల్. తెలంగాణలో గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి భోజనం, చిన్నపిల్లలకు బాలామృతం అందుతున్న సంగతి మీకు తెలుసు. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు ఉచిత ఆహారం 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు. ప్రీస్కూల్ కూడా ఈ సేవల్లో ఒకటి. దాన్ని అడిగి తీసుకునేవాళ్లే తక్కువ.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. బడిలో వేశాక చూద్దాంలే అనుకుంటే ఆ కాలం దాటిపోతుంది.

"రాయించడం లేదు, ఆడిస్తున్నారు"

ఇది ఎక్కువగా వినే ఫిర్యాదు. పక్కింటి పిల్లాడు ఎల్‌కేజీలో మూడున్నరేళ్లకే ఏబీసీడీలు రాస్తున్నాడు, మావాడు ఇంకా బ్లాకులు పేరుస్తున్నాడు అని బాధ. దయచేసి ఈ పోలిక పెట్టుకోకండి. మూడేళ్ల పిల్లల వేళ్లకు పెన్సిల్ పట్టే బలం ఇంకా సరిగా ఉండదు. పూసలు గుచ్చడం, మట్టి ముద్దలు చేయడం, కాగితం చింపడం, నేల మీద సుద్దముక్కతో గీతలు గీయడం వల్ల ఆ బలం వస్తుంది. రాత దాని తర్వాతి మెట్టు.

చదవడం కూడా నోటి మాటతోనే మొదలవుతుంది. "కాకి, కుండ, కంది" మూడూ ఒకే శబ్దంతో మొదలవుతున్నాయని చెవికి పట్టిన పిల్లకు తర్వాత 'క' అక్షరం చూపిస్తే వెంటనే పట్టుకుంటుంది. ఆ శబ్దం చెవికి పట్టకుండా 'క' యాభైసార్లు దిద్దితే చేతికి నొప్పి తప్ప ఏమీ మిగలదు. బొమ్మ చూసి కథ చెప్పడం, పాటకు చప్పట్లు కొట్టడం, రంగుల వారీగా వస్తువులు వేరు చేయడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఇవన్నీ ఈ వయసు చదువే. టీచరును "ఎన్ని అక్షరాలు నేర్పారు?" అని కాకుండా "ఈ వారం ఏ కథ చెప్పారు? మా పాప మాట్లాడుతోందా?" అని అడగండి.

అయితే ఒక మాట. ఆటలూ లేవు, పాటలూ లేవు, పిల్లలను ఊరికే కూర్చోబెడుతున్నారు అంటే అది ప్రీస్కూల్ కాదు. అప్పుడు అడగాల్సిందే.

ఇంట్లో మీరు చేయగలిగింది

"మాకే చదువు రాదు, వాళ్లకేం నేర్పుతం?" అనకండి. ఈ వయసులో కావలసింది మీ మాట. కూర తరిగేటప్పుడు "ఇది పెద్ద వంకాయ, ఇది చిన్నది, ఎన్ని ఉన్నయ్ చెప్పు?" అనండి. బట్టలు మడతేసేటప్పుడు నాన్నవి ఒకవైపు, పాపవి ఒకవైపు పెట్టించండి. పొలం దారిలో కనిపించే పిట్ట పేరు, చెట్టు పేరు చెప్పండి. పిల్ల ఒక మాట అంటే మీరు దానికి రెండు మాటలు కలిపి తిరిగి చెప్పండి. "బస్సు" అంటే "అవును, ఎర్ర బస్సు వచ్చింది, ఎటు పోతోంది?" అని. అమ్మమ్మ, నాయనమ్మ చెప్పే కథలకు ఏ పుస్తకమూ సాటి రాదు. నాన్నలు కూడా రోజూ కాసేపు పిల్లలతో కూర్చోవాలి.

ఇంట్లో లంబాడీ, కోయ, గోండి, ఉర్దూ ఏది మాట్లాడితే అదే భాషలో మాట్లాడండి. తెలుగు, ఇంగ్లిష్ రావాలని ఇంటి భాష మాన్పించవద్దు. ఇంటి భాషలో మాట బాగా వచ్చిన పిల్లలకు రెండో భాష నేర్చుకోవడం సులువు అవుతుంది.

చింతగింజలు, పూసలతో ఆడించేటప్పుడు దగ్గరే ఉండండి. పిల్లలు వాటిని ముక్కులో, నోట్లో పెట్టుకుంటారు. మూడేళ్లలోపు వాళ్లకు అసలు ఇవ్వకండి.

ఇక ఫోన్. ఈ పీడీఎఫ్ కూడా ఫోన్‌లోనే వచ్చింది కదా అంటారేమో! మీరు చూడండి, పిల్లలకు ఇవ్వకండి. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ చూపిస్తే తప్ప అన్నం తినడం లేదంటే ఆ అలవాటు ఇవాళ్టి నుంచే మెల్లగా మాన్పించండి. ఫోన్‌ను మంచికి వాడాలంటే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మీరే చదివి వినిపించండి.

మాట ఆలస్యమైతే

"వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని ఆగిపోకండి. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, రెండేళ్లు నిండినా "అమ్మ రా", "నీళ్లు కావాలి" లాంటి రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా టీచరుకు, ఆశా కార్యకర్తకు వెంటనే చెప్పండి. ఒక్కోసారి వినికిడి లోపం ఉంటుంది, బయటికి తెలియదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది. అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి పంపుతుంది. పరీక్ష, చికిత్స ఉచితం. బృందం వచ్చే రోజు ముందే కనుక్కొని ఆ రోజు పిల్లను తప్పక పంపండి.

చేర్చేటప్పుడు

తల్లి ఆధార్, తల్లీ పిల్లల సంరక్షణ కార్డు తీసుకెళ్లండి. టీచరు పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరు నమోదు చేస్తారు. పిల్లకు ఆధార్ లేదని చేర్చుకోకపోవడం కుదరదు, తల్లి ఆధార్‌తో నమోదు చేయవచ్చు. ఇటుక బట్టీలకో, పత్తి ఏరడానికో వేరే ఊరు వెళ్తుంటే ముందే టీచరుకు చెప్పండి. యాప్‌లో పేరును వెళ్లిన ఊరి కేంద్రానికి మార్చే వీలుంది.

కేంద్రం సరిగా తెరవకపోతే, ఆటపాటలు జరగకపోతే ముందు టీచరుతోనే నెమ్మదిగా మాట్లాడండి. సర్వేలు, రిజిస్టర్లు, యాప్ పని కూడా ఆమె మీదే ఉంటాయి. అప్పటికీ మారకపోతే సూపర్‌వైజర్‌కు, ఆ తర్వాత ప్రాజెక్టు ఆఫీసులో సీడీపీఓకు రాసి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ అర్జీ పెట్టవచ్చు. అర్జీలో కేంద్రం పేరు, ఊరు, ఏయే తేదీల్లో ఏం జరగలేదో రాసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.