బావిలోని నిప్పు, నోటిలోని మాట

పాఠ్యభాగము: 1 సమూయేలు 21, 22 అధ్యాయములు, కీర్తన 52.



మన గోదావరిఖని ప్రాంతములో బొగ్గుబావి సంగతి నెరుగని యిల్లు అరుదు. బొగ్గు తీసిన తరువాత వెనుక విడిచిన ఖాళీలో కొంత బొగ్గు ఉండిపోవును. దానికి గాలి తగులుచుండగా, ఎవరును అగ్గిపుల్ల గీయకయే అది లోలోపల వేడెక్కి రాజుకొనును. అందుచేత ఆ ఖాళీకి గోడకట్టి మూయుదురు. గోదావరి యిసుకను నీటితో పంపి నింపుటయు మన బావులలో చాలకాలముగా ఎరిగిన పద్ధతియే.

నోటిమాటయు ఇట్టి నిప్పే. దోయేగును చూడుడి. నోబులో అహీమెలెకు దావీదునకు ఆహారమును ఖడ్గమును ఇచ్చెనని అతడు సౌలుతో చెప్పెను. అది జరిగిన సంగతియే. అయితే, రాజు పనిమీద వచ్చితినని దావీదు చెప్పగా యాజకుడు నమ్మి యిచ్చెనన్న సంగతి దోయేగు మాటలో లేదు. ఆ దినమున 85 మంది యాజకులు హతులైరి. సగము నిజము కూడ ప్రాణము తీయగలదు. తన అబద్ధమును ఇందుకు కారణమాయెనని దావీదు ఎరిగి, అబ్యాతారు నెదుట తప్పు ఒప్పుకొనెను.

మేమును ఒప్పుకొనవలసియున్నది. ఒకసారి ఒక సహోదరుని అప్పుల సంగతిని ప్రార్థన మనవి యని పెద్దలతో చెప్పితిమి. వారము తిరుగకముందే అది క్వార్టర్లన్నిటికిని ప్రాకెను. ఆయన భార్య కొన్ని నెలలు ఆరాధనకు రాలేదు. మేము వారి గుమ్మమునొద్దకు వెళ్లి క్షమాపణ వేడుకొంటిమి. వారు క్షమించిరి, గాని విడిచిన మాటను మరల తీసికొనలేకపోతిమి.

నోరు మూసికొనుట గోడకట్టుట వంటిది. అది అవసరమే; గాని గోడ బీటవారిన యెడల గాలి దూరును. ఖాళీ నిండవలెను. దోయేగును గూర్చిన 52వ కీర్తనలో 9 వచనములే యున్నవి. మొదట దావీదు కత్తివంటి నాలుకను గద్దించును. కడపట తన్ను దేవుని మందిరములోని పచ్చని ఒలీవచెట్టుతో పోల్చుకొని, ఆయన కృపను నమ్మి స్తుతించును. సౌలు తరుముట ఇంకను మానలేదు. అయినను ఆ కీర్తన పగవాని మాటతో ముగియలేదు. దేవునియందు ఆనందించు హృదయమునకు పొరుగువాని లోపము రుచించదు.

కాబట్టి ఈ నెలలో ఇట్లు చేయుదము. ఒకరి లోపము నోటికి వచ్చినప్పుడు దానిని ఏకాంతముగా దేవునికే చెప్పి, ఆయన చేసిన మేలొకటి ఇంటివారితో చెప్పుకొందము. ఎవరినైనను మాటతో గాయపరచియుంటిమా, ప్రభువు బల్లకు రాకముందే వారి గడప త్రొక్కుదము.

ప్రభువు మన నోళ్లను తన స్తుతితో నింపునుగాక. ఆమేన్.