చుక్క చెప్పే కబురు

చుక్కల ముగ్గు అందరికీ తెలుసు. రెండో వరుసలో మూడో చుక్క అంటే చాలు, చోటు దొరుకుతుంది. బిడ్డ ఎదుగుదల పటం కూడా అలాంటిదే.

అంగన్‌వాడీలో ప్రతి నెలా బిడ్డలను తూకం వేస్తారు. ఆ బరువును పటంలో చుక్కగా పెడతారు. తల్లి దగ్గర ఉండే కార్డులోనూ ఈ పటం ఉంటుంది. ఆడపిల్లలకు గులాబీ రంగు పటం, మగపిల్లలకు నీలం రంగు పటం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన కొలతలతో ఈ పటాలు తయారయ్యాయి. మన దేశంలో 2008 నుండి వాడుతున్నారు.

చుక్క ఎక్కడ పెట్టాలి?

పటంలో కింద అడ్డగీత ఉంది. దాని మీద వయసు, నెలల్లో. ఎడమ పక్క నిలువు గీత ఉంది. దాని మీద బరువు, కిలోల్లో.

చుక్క పెట్టాలంటే రెండు అంకెలు కావాలి. వయసు మీద ఒక వేలు పెట్టి పైకి పోవాలి. బరువు మీద ఇంకో వేలు పెట్టి కుడికి పోవాలి. రెండు వేళ్ళూ కలిసిన చోట చుక్క.

పావు, అర, ముప్పావు

బిడ్డ బరువు ఎప్పుడూ నిండు కిలోల్లో ఉండదు. నోటుబుక్కులో 6కూ 7కూ మధ్య 10 చిన్న గళ్ళు గీయండి. ఒక్కో గడి 100 గ్రాములు. 6 కిలోల 100 గ్రాములను 6.1 అని రాస్తారు. 'ఆరు పాయింట్ ఒకటి' అని చదవాలి.

ఆరుంపావు = 6.25
ఆరున్నర = 6.5
ఆరూ ముప్పావు = 6.75

ఆరున్నర చుక్క 6కు పైన అయిదో గీత మీద పడుతుంది. ఆరుంపావు చుక్క రెండో గీతకూ మూడో గీతకూ నడుమ పడుతుంది.

ఒక జాగ్రత్త. 6 కిలోల 50 గ్రాములను 6.5 అని రాయకూడదు. 6.05 అని రాయాలి. 6.5 అంటే 6 కిలోల 500 గ్రాములు. తప్పు రాస్తే చుక్క పైన పడుతుంది. చిక్కిన బిడ్డ కూడా బాగున్నట్టే కనబడుతుంది.

మూడు నెలలూ ఆరు కిలోలే!

"పాప బరువెంతమ్మా?" అత్త అడిగింది.

"ఆరు కిలోలత్తయ్యా."

మరుసటి నెలా అదే మాట. ఆ పై నెలా అదే మాట. కానీ కార్డులో ఇలా ఉంది:

6 నెలలు – 6.5
7 నెలలు – 6.4
8 నెలలు – 6.2

టీచరమ్మ చుక్కలు కలిపింది. గీత కిందికి దిగింది. మొదటి రెండు చుక్కలూ ఆకుపచ్చ భాగంలో ఉన్నాయి. మూడోది పసుపులో పడింది.

"విరేచనాలయ్యాయి టీచరమ్మా. ఏమీ పెట్టొద్దన్నారు ఇంట్లో."

"తిండి ఆపకూడదమ్మా. నీ పాలు ఇస్తూనే ఉండు. ఓఆర్ఎస్ నీళ్ళు పట్టు. మెత్తటి పప్పన్నంలో కాస్త నూనె వేసి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టు. ఒకసారి ఆరోగ్య కేంద్రంలో కూడా చూపించు."

తల్లి అలాగే చేసింది. 9 నెలలు నిండేసరికి పాప బరువు 6.7.

గీత ఏం చెబుతుంది?

గీత పైకి పోతే బిడ్డ ఎదుగుతోంది. అడ్డంగా పోతే ఎదుగుదల ఆగింది. కిందికి దిగితే ప్రమాదం. చుక్క నారింజ భాగంలో పడితే ఆలస్యం చేయకుండా ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి.

ఇప్పుడు టీచర్లు బరువును ఫోనులో కూడా ఎక్కిస్తున్నారు. అయినా తల్లి కార్డులో చుక్క పడాలి. అది తల్లి కంటికి కనబడాలి.

చేయండి

1. పాప నాలుగు నెలల బరువులకు చుక్కలు పెట్టి కలపండి. చివరి గీత ఎటు పోయింది?
2. 7 కిలోల 50 గ్రాములను పాయింటుతో రాయండి.
3. మీ బిడ్డ కార్డు చూడండి. పోయిన నెల చుక్క ఉందా? లేకపోతే టీచరును అడగండి.