ఆల్‌బకరా పండ్లు

మౌలాలి కొండ పాదమున మహలఖాబాయి చందా సమాధి కలదు. 1768 మొదలు 1824 వరకు జీవించిన ఈ కవయిత్రి ఉర్దూలో గజళ్లు వ్రాసినది. గజలునకు కొలత కలదు, అంత్యప్రాస కలదు. కడపటి రెండు పాదములలో కవి తన పేరును పొదుగు ఆచారమును కలదు. మన కందపద్యమునకును గణములు, యతి, ప్రాస తప్పవు. ఇట్టి కట్టుబాట్లకు అలవాటుపడిన చెవికి, అమెరికా కవి విలియం కార్లోస్ విలియమ్స్ 1934లో ప్రకటించిన ఒక చిన్న కవితను వినగనే "ఇదియు కవిత్వమేనా?" అను సందేహము కలుగుట సహజము.

విలియమ్స్ 1883లో జన్మించి 1963లో మరణించెను. న్యూజెర్సీ రాష్ట్రమునందలి రూథర్‌ఫర్డ్ అను చిన్న పట్టణమున ఆయన వైద్యుడు. పసిపిల్లల జబ్బులు చూచుట, వేళగాని వేళ ప్రసవములకు పోవుట, నడుమ చిక్కిన తీరికలో మందుచీటీల కాగితములపైననే కవితలు వ్రాసికొనుట ఆయన జీవితము. నిత్యము కంటబడు వస్తువులను జనులు మాటాడు మాటలతోనే చెప్పవలెనని ఆయన పట్టు. తెలుగున పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' వెలువరించి పద్యపు నడకను ఎదిరించినది 1939లో. అనగా ఇంచుమించు ఆ కాలముననే.

కవిత, ఇంటిలో ఒకరు మరియొకరికై వ్రాసి విడిచిన చీటీవలె నడచును. మంచుపెట్టెలోని ఆల్‌బకరా పండ్లను తాను తినివేసినట్లును, ఎదుటివారు వానిని ఉదయపు ఫలహారమునకై దాచుకొనిరి కాబోలుననియు చెప్పి, మన్నింపు కోరి, పండ్ల రుచిని పొగడి ముగించును. అంతే. ఆంగ్లమున అన్నియు 28 మాటలు, 12 పంక్తులు. కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు. ఉపమ లేదు, రూపకము లేదు. మన ఆలంకారికులు దీనిని స్వభావోక్తి యని యుందురు.

ఇందు మొదట పట్టుకొనవలసినది 'కాబోలు' అను భావము. ఒకే ఇంట కాపురముండువారికి ఎవరు దేనిని దేనికై దాచిరో తెలియకపోదు. తెలిసియే తినెను, ఆ తెలివిడిని 'కాబోలు' అను పలుచని తెర వెనుక నిలిపెను. తెర పలుచనిదని వ్రాసినవారికిని తెలియును, చదువువారికిని తెలియును.

రెండవది, మన్నింపు తరువాత రుచి వచ్చుట. మౌలాలి రైల్వే క్వార్టర్లలో, రాత్రి డ్యూటీ ముగించి తెల్లవారుజామున ఇల్లు చేరిన తండ్రి, కొడుకు గూటిలో దాచుకొన్న సీతాఫలమును తినివేసెననుకొనుడు. "నీ పండు తిన్నానురా, ఏమనుకోకు" అన్నచో అది క్షమాపణ. "ఏమనుకోకు, తేనెలా ఉందిరా" అన్నచో? తాను పోగొట్టుకొన్నది ఎంతటిదో పిల్లవానికి అప్పుడే తెలియును. అంతవరకు ఆగిన ఏడుపు అప్పుడే వచ్చును. కనుకనే కొందరు ఈ కవితను క్షమాపణ కాదు, గిల్లికజ్జా యందురు. పశ్చాత్తాపమును తెలుపు మాట ఇందొకటియు లేదు. ఇక ముందిట్లు చేయననియు లేదు.

ఈ వాదము కొట్టివేయదగినది కాదు. అయినను, ఆ తండ్రి "అంత బాగుగా లేదులే" అనియుండిన అది అబద్ధమగును. పండు పోయినదిగాక అబద్ధమును మిగులును. రుచిని చెప్పుటలో ఒక నిజాయితీ కలదు. ఏది తనను లోబరచుకొన్నదో దానినే ముందుపెట్టి తప్పు ఒప్పుకొనుట అది. పోతన భాగవతమున వెన్న తిన్న కృష్ణునిపై గోపికలు యశోదకు మొరపెట్టుకొందురు; దొంగ తనకుతాను ఒప్పుకొనడు. ఇక్కడ మొరపెట్టువారు లేరు, పట్టుకొన్నవారు లేరు. తిన్నవాడే చీటీ వ్రాసెను. చల్లని పండ్ల ఆశకు లొంగిన మనసే తెల్లవారునప్పటి మరియొకరి ఆకలిని తలచినది. గిల్లుటయు కలదు, ప్రేమయు కలదు. ఒకదానిని తీసివేసినచో కవిత చప్పబడును.

కవితలో పెద్ద అక్షరములు రెండే: 'నేను' అను మాటకు ఒకటి, 'మన్నింపుము' అను మాటకు ఒకటి. మొదటిది ఆంగ్లమున ఎల్లప్పుడు తప్పనిదే. రెండవది కవి కోరి ఉంచినది. తెలుగు లిపిలో అట్టి భేదము లేదు గనుక ఎంత చక్కని అనువాదమునను ఈ సూచన జారిపోవును.

భార్య ఫ్లారెన్సు జవాబుగా వ్రాసిన చీటీని సైతము విలియమ్స్ పంక్తులుగా విరిచి మరియొక కవిత చేసెను. ఆమె అందు భర్తకై శాండ్‌విచ్‌లు చేసి యుంచినట్లును, మంచుపెట్టెలో వేరు పండ్లును చల్లని కాఫీయు, డబ్బాలో రొట్టెయు ఉన్నట్లును, టీ కావలసినచో నీళ్లు కాచుకొనవలెననియు తెలిపినది. ఆల్‌బకరా పండ్ల మాట అందు లేదు. మన్నించితిననియు లేదు.