కాటా దగ్గర మారుమనస్సు

దేవుని తీర్పు గురించి ప్రసంగం వింటుంటే మనకు ముందుగా గుర్తొచ్చేది పక్కింటివాళ్లు. గన్నవరం చుట్టుపక్కల ఊళ్లలో కోతలై కాస్త తీరిక చిక్కాక ఉజ్జీవ సభలు పెడతారు. షామియానా, ట్యూబులైట్లు, రెండు వీధుల అవతలికి వినబడే మైకు. వడ్డీలు పిండేవాళ్ల గురించి, అబద్ధమాడేవాళ్ల గురించి దైవజనుడు గొంతు పెంచుతాడు. ‘ఈ మాట మా బావమరిది వినాల్సింది, రమ్మంటే రాలేదు’ అని నిట్టూర్చేవాళ్లు ప్రతి వరుసలోనూ ఉంటారు. ‘ఆమేన్’ మాత్రం అందరికంటే గట్టిగా వాళ్లే అంటారు.

దావీదు రాజూ ఇలాగే దొరికిపోయాడు. ఊరియా భార్యను తెచ్చుకుని, ఊరియాను యుద్ధంలో చంపించిన ఆ రాజు దగ్గరకు నాతాను ప్రవక్త వచ్చాడు. వచ్చీరాగానే నింద వేయలేదు. ఊళ్లో తగవు చెప్పినట్టు చెప్పాడు: మందలకు మందలున్న ఆసామి ఇంటికి చుట్టమొస్తే, తనవాటిలో ఒక్కదాన్నీ ముట్టకుండా, పేదవాడు బిడ్డలా పెంచుకున్న ఒకే ఒక్క గొర్రెపిల్లను పట్టుకెళ్లి వండిపెట్టాడని. దావీదు మండిపడ్డాడు. వాడికి చావే తగినది, నాలుగింతలు కట్టాలి అన్నాడు. తీర్పు పూర్తయ్యాక నాతాను వేలు రాజు వైపే తిరిగింది. ఎదుటివాడి తప్పు దగ్గర మన న్యాయబుద్ధి ఎంత చురుగ్గా ఉంటుందో ప్రవక్తకు తెలుసు, దాన్నే వాడుకున్నాడు. చెప్పినవాడి తల తీయించగల దావీదు సాకు వెతక్కుండా ఒప్పుకున్నాడు. అదే వంశంలో తర్వాత వచ్చిన యెహోయాకీము, యిర్మీయా హెచ్చరికల చుట్టను చదివిస్తూ, చదివినంత మేర చాకుతో కోసి ఎదురుగా ఉన్న కుంపట్లో వేశాడు. యిర్మీయా మళ్లీ చెప్పాడు, ఆయన లేఖకుడు బారూకు మళ్లీ రాశాడు. ఈసారి ఇంకొన్ని మాటలు కూడా చేరాయి.

హెచ్చరికను జాతకంలా వినేవాళ్లు మరికొందరు. రాసిపెట్టినది జరక్క మానదని కూర్చుంటారు. యోనా నీనెవె వీధుల్లో చాటింది నలభై రోజుల గడువు. ఏమీ చేయడానికి వీల్లేకపోతే గడువెందుకు? రాజు గద్దె దిగి, గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా మేత, నీళ్లు మాన్పించారు. పట్టణం బతికింది. చెప్పిన కీడు జరగకపోవడమే ఆ ప్రవచనం ఫలించడం. యోనాకు మాత్రం అది మింగుడుపడలేదు, అలిగి ఊరి బయట కూర్చున్నాడు. ‘నేను ముందే చెప్పానా లేదా’ అనే సరదా ప్రవక్తలనూ వదలదు కాబోలు. ఇంట్లో పిల్లల్ని రోజూ హెచ్చరించే పెద్దలు యోనా గ్రంథం నాలుగో అధ్యాయం చదువుకుంటే మంచిది.

ఇలాంటి హెచ్చరికలు మన నదికీ ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరు 2న అక్కడ 11.43 లక్షల క్యూసెక్కులు పారాయి. అదే వానల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. ఇలాంటప్పుడు ‘పాపం పండింది’ అనే మాట గట్టున ఉన్నవాళ్ల నోట సులువుగా వస్తుంది. సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు యేసు ఆ మాటకు అడ్డుపడ్డాడు. పోయినవాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకోవద్దన్నాడు. ఆ వెంటనే, మారకపోతే మీ గతీ అంతేనని విన్నవాళ్లకే చెప్పాడు. బుడమేరు దారికి అడ్డంగా ప్లాట్లు వేసినవాళ్లూ, చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్లూ ఆలోచించుకోవాల్సిన మాట అది. పీకల్లోతు నీళ్లలో నిలబడ్డ ముసలమ్మకు చెప్పాల్సింది కాదు.

మరి మారడమంటే ఏమిటి? యొర్దాను దగ్గర జనం బాప్తిస్మమిచ్చు యోహానును సూటిగా ఇదే అడిగారు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్నాడు. సుంకరులతో నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సైనికులతో బెదిరించి గుంజుకోవద్దు, జీతంతో సరిపెట్టుకోండి అన్నాడు. ఎవరినీ ఉద్యోగం మానమనలేదు. ఎవరి పనిలో ఏ మూల కక్కుర్తి ఉందో అక్కడే చెయ్యి పెట్టాడు.

ఆమోసు ప్రవక్త కూడా ఇలాంటి కక్కుర్తినే ఎత్తిచూపాడు. ఆయన తెకోవ ఊరి పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునేవాడు. ఇశ్రాయేలు మీదికి రాబోయే నాశనానికి ఆయన చూపిన కారణాల్లో కొలపాత్ర చిన్నది చేయడం, దొంగ త్రాసు, తాలు ధాన్యం అమ్మకం ఉన్నాయి. మన డెల్టా కళ్లంలో ఆయనకు పరాయిగా అనిపించేది ఏమీ ఉండదు. తేమ 17 శాతం దాటిందని కొనేవాళ్లు మీటరు చూపిస్తారు, బస్తాకు ఇంత తరుగు అంటారు. మబ్బు వైపు ఒకసారి చూసి రైతు సరేనంటాడు. అయితే ఆ రైతు పక్షాన నిలబడి కోప్పడటం కూడా సుఖమైన పనే. పొలం కౌలుకిచ్చి విజయవాడలోనో హైదరాబాదులోనో ఉండే మనలాంటివాళ్ల సంగతి? తుపానుకు పంట పోయేది కౌలుదారుకు. పాస్‌బుక్కు మన పేరున ఉంది గనక నష్టపరిహారం చాలాసార్లు పడేది మన ఖాతాలో. పడ్డ సంగతి ఆయనకు చెప్పమంతే. అబద్ధమాడినట్టు కూడా ఉండదు.

సుంకపు గుత్తదారు జక్కయ్య ఏడ్చాడని లూకా రాయలేదు, లెక్క చెప్పాడని రాశాడు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు. దావీదు ఇంకెవరికో వేశాననుకున్న జరిమానాను జక్కయ్య తనకు తానే వేసుకున్నాడు. మనకు నాలుగింతలు కష్టమైతే అసలైనా ఇద్దాం. ఉపవాస ప్రార్థనలకు ముందే ఒక కాగితం మీద పేరు, మొత్తం, ఇచ్చే తేదీ రాసుకోవాలి. తర్వాత ఫోన్ చేయాలి. కౌలుదారు వెంటనే మెచ్చుకుంటాడని ఆశ పెట్టుకోవద్దు. ‘ఏం బాబుగారూ, ఎలక్షన్లో గానీ నిలబడుతున్నారా?’ అని అడిగినా అడుగుతాడు.